బక్లర్ ఎందుకు మూలపడింది? యూరప్ కత్తిసాములో చిన్న డాలు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బక్లర్ అంటే ఏ డాలు?

పిడికిట్లో పట్టుకునే చిన్న డాలు. ఎక్కువగా గుండ్రంగా ఉంటుంది, నలుచదరపువి కూడా ఉన్నాయి. అడ్డం 20 నుంచి 45 సెంటీమీటర్లు, చాలావాటికి 30కి అటూ ఇటూ. బరువు మామూలుగా ముప్పావు కిలో నుంచి కిలోన్నర మధ్య. నడుమ ఇనుప బుడిపె, దాని వెనక బోలు. ఆ బోలు మీదుగా అడ్డంగా ఒకే ఒక పిడి ఉంటుంది. ముంజేతికి బిగించే తోలుపట్టీలు ఉండవు.

పట్టీలు లేకపోవడం చిన్న విషయం కాదు. ముంజేతికి కట్టిన డాలు మోచెయ్యి ఎటు కదిలితే అటే కదులుతుంది. పిడికిట్లో ఉన్న డాలు మణికట్టుతో తిరుగుతుంది, చెయ్యి చాపినంత దూరమూ ముందుకు వెళ్తుంది. ఇటాలియన్ల రొటెల్లా, స్పెయిన్ సైనికుల రొదెలా ముంజేతికి కట్టే పెద్ద గుండ్రటి డాళ్లు. వాటిని కూడా బక్లర్ అనేయడం వల్ల ఈ విషయంలో సగం గందరగోళం పుడుతోంది.

అంత చిన్న డాలు ఒంటిని ఎలా కాపాడుతుంది?

ఒంటిని కాపాడటం దాని రెండో పని. మొదటి పని కత్తి పట్టిన చేతిని కాపాడటం. పాత కత్తికి పిడి పైన అడ్డంగా ఒక కమ్మి తప్ప చేతికి వేరే రక్షణ లేదు. వేటు వెయ్యడానికి చెయ్యి చాపగానే ఎదుటివాడికి అన్నిటికన్నా దగ్గరగా దొరికేది ఆ చెయ్యే. వేళ్లు తెగితే పోరు అక్కడితో సరి. అందుకే కత్తి ఎటు వెళ్తే బక్లర్ అటు వెళ్లి ఆ చేతిని కప్పుతుంది. రెండు చేతులూ జంటగా కదులుతాయి.

యూరప్‌లో మనకు మిగిలిన కత్తిసాము గ్రంథాల్లో అన్నిటికన్నా పాతది 1300 ప్రాంతపు ఒక రాతప్రతి. ఇంగ్లండులోని లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియంలో ఉంది, ఐ.33 అనే పాత సంఖ్యతోనే పిలుస్తారు. 32 ఆకులు, లాటిన్ రాత, అక్కడక్కడా జర్మన్ మాటలు. ఒక మతగురువు శిష్యుడికి నేర్పుతున్నట్టు బొమ్మలుంటాయి, చివర్లో వాల్పుర్గిస్ అనే స్త్రీ కూడా కత్తి పడుతుంది. మొదటి నుంచి చివరి దాకా కత్తీ బక్లరే. బొమ్మ బొమ్మలోనూ బక్లర్ ఎక్కడుందో చూస్తూ పోండి, అది కత్తిచేతిని వదిలిపెట్టకుండా అంటిపెట్టుకుని తిరగడం కనిపిస్తుంది.

ఇక ఒంటి సంగతి. డాలును ఎంత ముందుకు చాపితే అంత ఎక్కువ కప్పుతుంది. ఎదుటివాడి భుజం మీ ఛాతీకి 2 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అతని వేటు బయల్దేరేది అక్కడి నుంచి. 30 సెంటీమీటర్ల బక్లర్‌ను ఛాతీకి 10 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఒంటి మీద దాని నీడ సుమారు 32 సెంటీమీటర్ల అడ్డంతో పడుతుంది. అదే బక్లర్‌ను 60 సెంటీమీటర్లు ముందుకు చాపితే నీడ 43 సెంటీమీటర్లవుతుంది. వైశాల్యం లెక్కన దాదాపు రెట్టింపు. దీపం దగ్గరికి చెయ్యి జరిపితే గోడ మీద నీడ పెరిగినట్టే.

ఎప్పటి నుంచి ఎప్పటి దాకా వాడారు?

పదమూడో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దం చివరి దాకా సాక్ష్యాలు దట్టంగా ఉన్నాయి. 1285లో లండన్ నగరానికి చేసిన శాసనం బక్లర్ సాము నేర్పే బడులు పెట్టకూడదంది. నిషేధించవలసి వచ్చిందంటే అప్పటికే అది ఎంత వ్యాపించిందో ఊహించుకోవచ్చు. పదిహేనో శతాబ్దపు జర్మన్ రాతప్రతుల్లో ఆండ్రే లిగ్నిట్సర్ అనే గురువు పేరుతో ఆరు బక్లర్ ఒడుపులు పదే పదే కనిపిస్తాయి. అదే కాలపు జర్మన్ గురువు హాన్స్ తాల్‌హోఫర్ బొమ్మల్లోనూ బక్లర్ ఉంది. ఇంగ్లిష్ విలుకాళ్లు నడుముకు కత్తీ బక్లరూ తగిలించుకునేవారు. ఇటలీలోని బొలోన్యా గురువుల్లో మాంచొలీనో 1531లో, మరొత్సో 1536లో అచ్చు వేయించిన గ్రంథాల్లో బక్లర్‌కే పెద్ద పీట.

1570కి వచ్చేసరికి గాలి మారింది. ఆ ఏడు స్ట్రాస్‌బర్గ్‌లో యోఆకిం మయర్ అనే సాము గురువు అచ్చు వేయించిన లావుపాటి గ్రంథంలో రెండు చేతుల కత్తి, దుస్సాక్ (పొట్టి వంపు కత్తి), రేపియర్ (పోటుకు చేసిన పొడవాటి సన్న కత్తి), బాకు, కర్రలు, బల్లేలు అన్నీ ఉన్నాయి. బక్లర్‌కు మాత్రం అధ్యాయం లేదు.

ఉక్కు కవచాలు వచ్చాక డాళ్లు అక్కర్లేకపోయాయి కదా, బక్లర్ కూడా అందుకే పోయిందా?

కాదు. ఇది పెద్ద డాలు కథను చిన్న డాలుకు అంటగట్టడం. పద్నాలుగో శతాబ్దంలో పలకల కవచం మెరుగుపడ్డాక గుర్రపు యోధుడు పెద్ద డాలును వదిలేసి రెండు చేతుల ఆయుధాలు పట్టాడు. నిజమే. కానీ అదే కాలంలో, ఆ తర్వాత 200 ఏళ్ల పాటు, బక్లర్ వాడకం జోరుగానే సాగింది. ఎందుకంటే దాన్ని పట్టినవాళ్లు విలుకాళ్లు, కాలిబంట్లు, పట్నవాసులు, విద్యార్థులు, నౌకర్లు. వీధిలో నడిచే మనిషి ఒంటి మీద ఉక్కు కవచం ఉండదు.

తుపాకుల వల్లనా?

యుద్ధభూమిలో కొంతవరకు అవును. పొడవాటి ఈటెకూ తుపాకీకీ రెండు చేతులూ కావాలి, ఎడమచేతికి డాలు పట్టే తీరిక లేదు. స్పెయిన్ రొదెలా సైనికులు 1512 రవెన్నా పోరులో ఈటెల కిందికి దూరి పేరు తెచ్చుకున్నా, కొన్నేళ్లలోనే వాళ్ల జాగా తుపాకీవాళ్లకు పోయింది. అయితే వాళ్లది బక్లర్ కాదని పైన చెప్పుకున్నాం. వీధుల్లో, ద్వంద్వ పోరాటాల్లో, సాము బడుల్లో బక్లర్ పోవడానికి తుపాకీతో సంబంధం లేదు. అక్కడ కత్తి ఇంకా 200 ఏళ్లకు పైగా నిలిచింది.

మరి అసలు కారణం ఏమిటి?

కత్తి పిడి. మా ఉద్దేశంలో మొదట చూడవలసింది ఇదే, చాలామంది చివర్లో చూస్తారు.

వరస ఇలా నడిచింది. మొన మీద అదుపు కోసం చూపుడు వేలిని అడ్డకమ్మి మీదుగా ముందుకు వేసి పట్టుకోవడం అలవాటైంది. అలా పట్టుకుంటే మొన చెప్పిన మాట వింటుంది, కానీ వేలు బయటపడుతుంది. ఆ వేలి కోసం పదిహేనో శతాబ్దంలో ఇనుప వంపు చేర్చారు. తర్వాత చేతి వెలుపలి వైపు కాపాడే పక్క కడియం వచ్చింది. ఆపైన కణుపుల ముందు వంగిన కమ్మి. 1600 నాటికి పిడి చుట్టూ కమ్మీలు అల్లిన జల్లెడలాంటి కత్తులు మామూలైపోయాయి. 1630ల తర్వాత స్పెయిన్‌లో చెయ్యి మొత్తాన్ని కప్పే గిన్నె పిడి వచ్చింది. ఇంగ్లండులో బుట్టపిడి అంతకు చాలా ముందే ఉంది. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడలో ఒకటి దొరికింది.

బక్లర్ మొదటి పని కత్తిచేతిని కప్పడం అనుకున్నాం కదా. ఇప్పుడు ఆ పని కత్తే చేసుకుంటోంది, అదీ ఏ భంగిమలోనైనా, ఎడమచెయ్యి ఎక్కడున్నా. పిడికి చేర్చిన ఇనుము కొన్ని వందల గ్రాములే. అది పిడికిలి దగ్గరే ఉంటుంది గనక చేతికి పెద్ద బరువనిపించదు. బక్లర్ అలా కాదు. కిలో బరువును చెయ్యి చాపి పట్టుకుని మూడు నిమిషాలు నిలబడి చూడండి. భుజం దిగడం మొదలవుతుంది, దిగిన బక్లర్ దేన్నీ కప్పదు.

అంటే రేపియర్ ముందు బక్లర్ ఓడిపోయిందా?

ఓడిపోయింది అనడం తొందరపాటు. రేపియర్ వల్ల దాని లాభం తగ్గింది, మోసే ఖర్చు మాత్రం అలాగే ఉంది.

పాత కత్తి అలుగు 75–80 సెంటీమీటర్లుంటే రేపియర్ అలుగు ఒక మీటరు, చాలాసార్లు అంతకన్నా ఎక్కువ. పోరాడే దూరం పెరిగింది, వేటు తగ్గి పోటు పెరిగింది. వేటు పెద్ద వంపు తిరిగి వస్తుంది, దాని దారి కనిపిస్తుంది, ఆ దారిలో డాలు పెడితే ఆగుతుంది. పోటు సూటిగా వస్తుంది. డాలు అడ్డం రాగానే మొనను అరచెయ్యంత వెడల్పున తిప్పి డాలు అంచు పక్కనుంచి దూర్చవచ్చు. ఆ తిప్పడానికి వేళ్లు కదిలితే చాలు. కిలో బరువున్న డాలును మళ్లీ దానికి అడ్డం తేవాలంటే మొత్తం చెయ్యి కదలాలి. వేళ్లతో చెయ్యి పోటీపడి గెలవలేదు.

ఇంకో ఇబ్బంది చూపుది. చాపిన బక్లర్ మీ కళ్లకూ ఎదుటివాడి చేతికీ మధ్య గుండ్రటి మరుగు. వేటు వచ్చేటప్పుడు భుజం కదలిక చూసి పసిగట్టవచ్చు. పోటుకు ముందు కదిలేది మణికట్టు, అదే మరుగున పడుతుంది. బక్లర్‌ను ఎడమకు జరిపితే కుడివైపు తలుపు తెరిచినట్టే.

మూడోది, ఎడమచెయ్యి చాపితే ఎడమ భుజం ముందుకొచ్చి కుడి భుజం వెనక్కి పోతుంది, పోటు అందే దూరం ఆ మేరకు తగ్గుతుంది. బాకు పట్టినా ఈ నష్టం ఉంది, కాకపోతే బాకును ఒంటికి కాస్త దగ్గరగా ఉంచుకునీ పని జరుపుకోవచ్చు.

బాకు మెరుగైనదా? డాలు కన్నా బాకు ఎక్కువ కాపాడుతుందని నమ్మశక్యంగా లేదే.

అనుమానం సబబే. వేటును ఆపడంలో బక్లర్ ముందు బాకు చాలదు. బరువైన వేటును బాకుతో ఒంటరిగా ఆపబోతే మణికట్టు వంగి కత్తి లోపలికి వస్తుంది. కానీ పోటును ఆపనక్కర్లేదు, పక్కకు నెడితే చాలు. దానికి వెడల్పు కన్నా పొడవు ముఖ్యం. 30–35 సెంటీమీటర్ల బాకు అలుగు గాల్లో ఒక గీతలా ఊడ్చుకుపోతే దాదాపు బక్లరంత వెడల్పు కప్పుతుంది, అదీ అర కిలో బరువుతో. కళ్లకు అడ్డం రాదు. ఎదుటి అలుగును తన అడ్డకమ్మితో పట్టి ఒక క్షణం కట్టేస్తుంది. దగ్గరికి వస్తే పొడుస్తుంది. బక్లర్‌తోనూ ముఖం మీద గుద్దవచ్చు, చెయ్యి నొక్కిపట్టవచ్చు, నిజమే. కానీ ఆ దెబ్బతో పోరు ముగుస్తుందన్న నమ్మకం లేదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి మోత. బాకు ఎలాగూ నడుముకు ఉంటుంది. బక్లర్‌ను ప్రత్యేకంగా వెంట తీసుకెళ్లాలి. విందుకు, కచేరీకి, చర్చికి వెళ్లే పెద్దమనిషి నడుముకు ఇనుప మూకుడు వేలాడేసుకోడు. బాకూ లేని రోజున భుజం మీది అంగీని ఎడమచేతికి చుట్టుకుని అడ్డం పెట్టడం కూడా గురువులు నేర్పారు. ఒంటి మీద ఉన్నదానితో పని జరుగుతున్నప్పుడు వేరే సరంజామా ఎవరు మోస్తారు?

ఇంగ్లండులో ఎక్కువ కాలం ఎందుకు నిలిచింది?

అక్కడ అది వీధి మర్యాదలో భాగమైపోయింది. నౌకర్లు బక్లర్‌ను కత్తి పిడికి తగిలించుకుని తిరిగేవారు. నడుస్తుంటే ఇనుముకు ఇనుము తగిలి మోగేది. ఆర్భాటపు కత్తివీరుణ్ని స్వాష్‌బక్లర్ అంటారు, ఆ మాట కత్తితో డాలు మీద కొట్టి మోత చేయడం నుంచి పుట్టింది. లండన్‌లో వెస్ట్ స్మిత్‌ఫీల్డ్ మైదానం ఇలాంటివాళ్లు బలాబలాలు తేల్చుకునే చోటు, దానికి రౌడీల చావడి అనే అర్థం వచ్చే పేరే పడింది. చాలా గొడవల్లో మోత ఎక్కువ, గాయాలు తక్కువ. నడుం కింద కొట్టడం, పొడవడం మగతనం కాదనే కట్టుబాటు కూడా ఉండేది. రేపియర్ ఆ కట్టుబాటును లెక్కచెయ్యలేదు. పొడిస్తే మనిషి చస్తాడు.

పైగా సాము గురువుల సంఘం పరీక్షల్లో కత్తీ బక్లర్ ఒక విభాగం. పరీక్షలో ఉన్నంత కాలం ఏ విద్యైనా బతుకుతుంది. 1599లో అచ్చయిన ఒక ఇంగ్లిష్ నాటకంలో ఒక పాత్ర కత్తీ బక్లర్ పోరు వాడుక తప్పిపోతోందని దిగులు పడుతుంది. అప్పటికి మార్పు జనం నోట్లో పడిందన్నమాట.

ప్రభుత్వం నిషేధించడం వల్ల పోలేదా?

లేదు. 1562లో ఎలిజబెత్ రాణి ప్రకటన కత్తి అలుగు ఒక గజం మీద గజంలో ఎనిమిదో వంతుకు మించకూడదంది. మన లెక్కలో సుమారు 103 సెంటీమీటర్లు. బాకు 12 అంగుళాలు దాటకూడదు, బక్లర్ బుడిపె మీది ములుకు 2 అంగుళాలు దాటకూడదు. ఇది కొలతల మీద కట్టడి, వస్తువు మీద నిషేధం కాదు. అసలు ఆ కట్టడి ఎక్కువగా గురిపెట్టింది పొడవాటి రేపియర్ మీద. చట్టం చంపేదైతే రేపియరే ముందు పోవాలి. 1285 శాసనం తర్వాత కూడా బక్లర్ 300 ఏళ్లు బతికింది.

ఇంగ్లిష్ సాము రచయిత జార్జ్ సిల్వర్ బక్లరే గొప్పదన్నాడు కదా?

అన్నాడు. 1599లో అచ్చయిన తన గ్రంథంలో కత్తీ బక్లర్ పట్టినవాడికి రేపియరూ బాకూ పట్టినవాడి మీద పైచెయ్యి ఉంటుందని తేల్చి చెప్పాడు. ఆయన మాటను కొట్టిపారెయ్యకూడదు. పొట్టి కత్తితో, తొణక్కుండా దూరం కొలుచుకునే మనిషి రేపియర్ మొనను బక్లర్‌తో పక్కకు తోసి ఒక్క అడుగు లోపలికి వేస్తే, మీటరు పొడవున్న అలుగు అక్కడ పనికిరాదు. సాధనలో ఇది రోజూ కనిపించే సంగతే. కష్టమల్లా ఆ ఒక్క అడుగు దగ్గరే. సిల్వర్ ఇటాలియన్ గురువుల మీద కోపంతో రాశాడని మరిచిపోకుండా చదివితే ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

తర్వాత బాకు కూడా ఎందుకు పోయింది?

పదిహేడో శతాబ్దం రెండో సగంలో కత్తే తేలికైపోయింది. అర కిలోకు అటూ ఇటూ బరువున్న చిన్న కత్తితో అడ్డుకోవడం, వెంటనే తిరిగి పొడవడం రెండూ ఒకే చేత్తో జరిగాయి. ఎడమచెయ్యి ఖాళీ అయింది.

స్కాట్లాండ్ కొండవాళ్లు 1746 దాకా డాలు పట్టారు కదా?

వాళ్లది టార్జ్. అడ్డం 50 సెంటీమీటర్ల ప్రాంతం, చెక్క మీద తోలు, ముంజేతికి పట్టీ. ఒక్కసారిగా పరుగెత్తి మీద పడే యుద్ధపద్ధతికి సరిపోయింది. 1746లో కలోడెన్ పోరులో ఓటమితో ఆ పద్ధతీ, దాంతోపాటు డాలూ పోయాయి. బక్లర్ కథకు ఇది పొడిగింపు కాదు.

మన దేశంలో డాలు పందొమ్మిదో శతాబ్దం దాకా ఎలా నిలిచింది?

మంచి ప్రశ్న, ఎందుకంటే పైన చెప్పిన కారణాన్ని ఇది పరీక్షకు పెడుతుంది. తల్వారు పిడిలో చేతికి రక్షణ తక్కువ, కాబట్టి డాలు ఉండాల్సిందే అనవచ్చు. కానీ దక్కన్‌లో ఫిరంగి కత్తి ఉంది. దాని అలుగు చాలాసార్లు యూరప్ నుంచి వచ్చిందే, పిడి చేతిని కప్పే బుట్టపిడి. అయినా డాలు పోలేదు. కాబట్టి పిడి ఒక్కటే లెక్క తేల్చదు. ఇక్కడ పోరులో వేటుదే పెద్ద పాలు, మన డాలు కూడా వెనక ఉన్న రెండు పట్టెలను కలిపి పిడికిట్లో పట్టుకునేదే. యుద్ధానికి వెళ్లేవాడు డాలు వీపున వేసుకుని తిరగడం గౌరవమే తప్ప మోటుతనం కాదు. యూరప్ పట్నాల్లో మూడూ కలిశాయి: పిడి చేతిని కాపాడింది, పోటు పైకొచ్చింది, ఎడమచేతికి నడుమునే బాకు దొరికింది. మూడూ కలిసిన చోటే బక్లర్ పోయింది.

సాధనలో దీన్ని స్వయంగా పరీక్షించడం ఎలా?

మొద్దు చేసిన ఉక్కు కత్తులు, 1600 న్యూటన్ తరగతి జాలీ ముసుగు (ఆ అంకె దాని గుడ్డ పోటును ఎంత తట్టుకుంటుందో చెబుతుంది), మెడకు కవచం, పోటు తట్టుకునే జాకెట్, రెండు చేతులకూ గట్టి తొడుగులు ఉండాలి. రేపియర్ మొనకు రబ్బరు బొడిపె తప్పనిసరి. ఇద్దరు, ఒక లెక్కరాసేవాడు. ప్రతి విడతా 20 దెబ్బలు, చేతికి తగిలినవి విడిగా రాయాలి.

మొదటి విడత: ఇద్దరికీ అడ్డకమ్మి కత్తి, బక్లర్ లేదు. రెండో విడత: అవే కత్తులు, ఇద్దరికీ బక్లర్. మూడో విడత: ఇద్దరికీ అల్లిక పిడి కత్తి, బక్లర్ లేదు. చేతి దెబ్బల వరస మూడు విడతల్లో ఎలా మారిందో చూడండి. నాలుగో విడత: ఒకరికి అడ్డకమ్మి కత్తీ బక్లరూ, ఇంకొకరికి రేపియర్, బాకు. తర్వాత ఆయుధాలు మార్చుకోవాలి. మార్చుకోకపోతే మీరు కొలిచేది మనుషుల నేర్పును, ఆయుధాలను కాదు.

ఫలితం పాడుచేసే తప్పులు ఇవి. బక్లర్‌ను ఛాతీకి ఆనించి పట్టడం అన్నిటికన్నా సాధారణం, అలసట వచ్చిన రెండో నిమిషం నుంచి మొదలవుతుంది. వేటు వేసేటప్పుడు బక్లర్‌ను వెనక్కి లాక్కోవడం రెండోది. కత్తిచెయ్యి ఒంటరిగా వెళ్లి దెబ్బ తింటుంది, నింద బక్లర్ మీద పడుతుంది. మూడోది, బొటనవేలు బుడిపె బోలు బయటికి వచ్చేలా పట్టుకోవడం. అంచు మీద జారిన కత్తి సరిగ్గా అక్కడికే వస్తుంది.

కొనేటప్పుడు ఏ కొలత చూసుకోవాలి?

మొదటిది 30 సెంటీమీటర్లు, కిలో లోపు బరువు. బుడిపె బోలు లోపలి అడ్డం 12 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పాతవాటిలో ఇంతకన్నా ఇరుకైనవి ఉన్నాయి, కానీ అవి తొడుగు లేని చేతికి చేసినవి. మీ తొడుగు వేసుకునే వెళ్లి, పిడికిలి పూర్తిగా దిగుతోందో లేదో చూసి కొనండి. పిడి గుండ్రంగా ఉంటే చేతిలో తిరిగిపోతుంది, కోలగా చెక్కినది తీసుకోండి. రివెట్లను నెలకోసారి వేలితో తడిమి చూడాలి. వదులైన రివెట్ ముందు మోగుతుంది, తర్వాత దాని తల లేచి తొడుగును చీలుస్తుంది. అంచు మీద పడ్డ గంట్లను ఆకురాయితో అదే రోజు నున్నగా రుద్దండి, లేకపోతే మరుసటి రోజు ఎదుటివారి కత్తి వాదర పాడవుతుంది.